చాటల బడి

ఊరక రారు మహానుభావులు అని పెద్దలు ఊరకే అనలేదు. కోరుట్లలో బీడీలు చేసే వాడకు తెల్లకారు వచ్చిందంటే ఎన్నికలైనా దగ్గరపడి ఉండాలి, లేబర్ ఆఫీసరుకైనా పైనుంచి తాఖీదు వచ్చి ఉండాలి. ఆ రోజు ఎన్నికల ఊసు లేదు. కారులోంచి దిగినామె ఆఫీసరులా కూడా లేదు. నేత చీర, తోలు చెప్పులు, భుజాన గుడ్డసంచి. చర్చి పక్కనున్న రేకుల షెడ్డు ముందు ఆగి, "శాంత గారంటే మీరేనా? నేను జ్యోత్స్నను, పునాస ఫండ్ నుంచి వచ్చాను" అని రెండు చేతులూ జోడించింది.

శాంత కూడా చేతులు జోడించింది కానీ, ఆమె కళ్లు షెడ్డు వెనక తలుపు వైపే పోయాయి. చాటలన్నీ లోపలికి పోయాయా లేదా అని ఆమె బెంగ.

ఆకు, తంబాకు పోసుకుని బీడీలు చుట్టే ఆ చాటల సంగతి ముందు చెప్పాలి. శాంత నడిపేది సాయంత్రం బడి. పగలు సర్కారు బడికి పోయి, మాపటికి తల్లి పక్కన కూర్చుని బీడీల మూతులు మలిచే ఆడపిల్లల కోసం పెట్టింది. మొదట్లో ఒక్క తల్లి కూడా పంపలేదు. "పోరి సదువుకుంట కూసుంటె బీడీలెవలు చేస్తరక్కా?" అన్నారు. శాంత కూడా ఒళ్లో చాట పెట్టుకుని పెరిగిన మనిషే. బాగా ఆలోచించి, "చాట పట్టుకోనే రమ్మనుండ్రి. చేతులు చాట్ల ఉంటయి, చెవులు నా దిక్కుంటయి" అంది. దాంతో వాడ వాడంతా కదిలింది. పిల్లలు తునికాకు కత్తిరిస్తూ ఎక్కాలు అప్పజెప్పారు, తంబాకు పోసి ఆకు చుడుతూ పాఠాలు విన్నారు. ఊరు దానికి చాటల బడి అని పేరు పెట్టింది, సగం ఎగతాళిగా, సగం ముద్దుగా. అక్కడ చదివిన పిల్లల్లో నర్సులైనవాళ్లున్నారు, జగిత్యాలలో డిగ్రీ చేస్తున్నవాళ్లున్నారు.

చట్టం దీన్ని ఒప్పుకోదని శాంతకు తెలియక కాదు. చట్టం కోసం కూడా వాడలో ఒక పద్ధతి ఉంది. జీపు చప్పుడు వినబడగానే చాటలు వెనక తలుపు గుండా పాస్టరమ్మ వంటింట్లోకి పోయేవి. ఆఫీసరు వచ్చి "పిల్లలతోని పని చేయిస్తలేరు గద?" అంటే తల్లులూ టీచరమ్మా ఒకే గొంతుతో "లేదు సార్" అనేవారు. "చేయించద్దు మరి" అంటే "సరే సార్" అనేవారు. జీపు మలుపు తిరగకముందే కత్తెరల కచకచ మళ్లీ మొదలయ్యేది. ఆ సంగతి ఆఫీసరుకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. వచ్చినవాడు ఎట్లాగూ పోతాడు, అదే వాడ ధైర్యం.

జ్యోత్స్న చెప్పిన సంగతి మాత్రం ఎన్నడూ వినని తీరుగా ఉంది. హైదరాబాదులో కంపెనీలు పెట్టి బాగుపడ్డ కొందరు కలిసి ఈ పునాసను పెట్టారట. కొత్త కంపెనీకి పెట్టుబడి పెట్టినట్టే పేదపిల్లల కోసం పనిచేసే చిన్న సంస్థలకు పెట్టుబడి పెడతారట. లాభం మాత్రం అడగరట. పిల్లలు ఎదిగితే అదే లాభమట.

"డబ్బిచ్చి చేతులు దులుపుకోవడం మా పద్ధతి కాదు" అంది జ్యోత్స్న. "మీతో పాటే ఉంటాం. మీ బోర్డులో ఒకరం కూర్చుంటాం, పనికి మనిషిని ఇస్తాం. ముందు ఇక్కడ మంచి హాలు. తర్వాత జగిత్యాలలో ఒకటి, సిరిసిల్లలో మరమగ్గాల వాడలో ఒకటి. మూడేళ్లలో మీ కాళ్ల మీద మీరు నిలబడగానే మేం వెళ్లిపోతాం."

ఇచ్చేవాళ్లను శాంత చూడలేదా అంటే, చూసింది. చలికాలం దుప్పట్లు పంచేవాళ్లు, పుట్టినరోజుకు అరటిపండ్లు పంచేవాళ్లు. వాళ్లు ఫోటో దిగి పోయేవారు, అక్కడికి లెక్క చెల్లు. పెట్టుబడి పెట్టి లాభం వద్దనేవాళ్లను, పోతామని ముందే చెప్పి వచ్చేవాళ్లను మాత్రం ఆమె చూడలేదు. పిల్లికి బిచ్చం పెట్టని లోకంలో ఇంత ఉదారత ఎక్కడి నుంచి ఊడిపడింది?

"మీదే ఊరు మేడం?" అని అడిగింది మెల్లగా.

"పుట్టి పెరిగింది హైదరాబాదే. మా తాతగారిది మాత్రం మీ వైపే. చందుర్తి. శ్యాంసుందర్ రావు గారని..."

"మాదీ చందుర్తే మేడం, సాయిలు బిడ్డను" అని నోరు జారింది శాంత.  శ్యాంసుందర్ రావు ఆ ఊరి దొర. ఆయన గడీలో శాంత తండ్రి సాయిలు పొద్దున లేచింది మొదలు వెట్టి చేశాడు.

ఇంటికి పోయి చెబితే, శాంత తల్లి మల్లక్క మంచం మీద పడుకున్నదల్లా లేచి కూర్చుంది. సాయిలు పోయాక ఆమె కోరుట్లలో బిడ్డ దగ్గరే ఉంటున్నది.

"దొర మనుమరాలా? ఎందుకచ్చిందట?"

"పోరగాండ్లను సదివిపిచ్చెతందుకటనే అవ్వా."

మల్లక్క పళ్లు లేని నోటితో పకపక నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "మన వాడల బడి పెడ్తనని అచ్చిన పంతులును తెల్లారేవరకు ఊరు దాటిచ్చిండు గా దొర. గాయిన మనుమరాలు మన పిల్లలకు సదువు చెప్పిస్తదా? పిచ్చిదానా, గామె కన్ను సదువు మీద లేదు. నా భూమి మీదున్నది."

ఆ భూమి ఎకరం పైచిలుకు చెలక. సీలింగు చట్టం వచ్చినప్పుడు దొర దగ్గర మిగులు తేలిన భూమిలోంచి సర్కారు సాయిలుకు ఇచ్చింది. పట్టా చేతికొచ్చినా, దొర భూమిలో నాగలి దింపే ధైర్యం రావడానికి సాయిలుకు ఏళ్లు పట్టింది. ఇప్పుడు దాని పక్కనుంచే పెద్దరోడ్డు పోతున్నది. చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు.

శాంత భర్త ప్రభుదాస్ జగిత్యాల కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. రోజూ భూమి తగాదాలే చూస్తాడు కాబట్టి, అత్త మాట అతనికి వెంటనే పట్టింది. "అత్త చెప్పేది కొట్టిపారెయ్యరాదు. ఏ కాయితమచ్చినా ముందు నాకు సూపెట్టు" అన్నాడు.

అప్పటినుంచీ జ్యోత్స్న ఏం చేసినా శాంతకు అందులో భూమే కనిపించింది.

మరమగ్గాల వాడను చూద్దామని జ్యోత్స్న ఆమెను కారులో సిరిసిల్లకు తీసుకుపోయింది. దారిలో చందుర్తి రాగానే కారు ఆపించింది. కూలిపోయిన గడీ గోడను ఫోటో తీసుకుంది. తర్వాత రోడ్డుకు అవతలి చేలను చూస్తూ, "శాంతక్కా, మీదీ ఈ ఊరేనని చెప్పారు కదా. ఇక్కడ మీకింకా ఏమైనా ఉందా?" అని అడిగింది.

 ఎదురుగా, శాంత కళ్ల ముందే, తండ్రి చెలకలో పత్తి పూసి ఉంది. కౌలుదారు భార్య అటునుంచి చేయి ఊపబోయింది. శాంత గబుక్కున ముఖం తిప్పుకుంది.

"ఏం లేదు మేడం. అన్నీ పోయినయి."

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య జ్యోత్స్న అక్కడ బడి నడపబోయే యువకులతో గంటలకొద్దీ మాట్లాడింది, వాళ్లతో పాటే మెట్ల మీద కూర్చుని మిర్చి బజ్జీలు తిన్నది. మంచి మనిషే అనిపించింది శాంతకు. అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. దొర కూడా పండుగనాడు నవ్వుతూనే పలకరించేవాడని తండ్రి చెప్పేవాడు.

కొన్నాళ్లకు జ్యోత్స్న ఇంటికే వచ్చింది. ఆమె గడపలో అడుగు పెట్టిందో లేదో, మల్లక్క మంచం దిగి, నడుం వంచి గోడకు ఆనుకుని నిలబడింది. ముసలి ఒళ్లు దాని పాటికి అదే చేసింది.  శాంతకు తల్లిని పట్టుకుని కుదిపి నిటారుగా నిలబెట్టాలనిపించింది.

"అయ్యో, కూర్చోండి అమ్మా" అని జ్యోత్స్న ఆమె చేయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, తను నేల మీద చతికిలబడింది. ఆమె ముఖం సిగ్గుతో ఎర్రబడింది. "మా నానమ్మ ఇందిరాదేవి మిమ్మల్ని ఇప్పటికీ తలుచుకుంటుంది. ఈ చీర మీకు ఇమ్మంది."

మల్లక్క రెండు చేతులతో చీర అందుకుంది. "సల్లగుండు దొర్సాని" అంది. కారు కదలగానే దాన్ని తీసుకుపోయి దండెం మీద పడేసింది.

"సీర పెట్టినంక ఏలిముద్ర అడుగుతరు. నాకు తెల్వదా? దొర్సాని నేల మీద కూసున్నదంటెనే నేల మీద మనసైందన్నట్టు."

ఒప్పందం కాగితాలు వచ్చాయి. ప్రభుదాస్ వాటిని జగిత్యాలకు తీసుకుపోయి, వకీలు ముందు పెట్టి, పైనుంచి కింది దాకా భూమి కోసం గాలించాడు. వచ్చి, "భూమి ముచ్చట ఏడ లేదు. ఇల్లు లేదు, అత్త పేరు లేదు. పరేషాన్ గాకు, సంతకం పెట్టు" అన్నాడు. అయినా శాంతకు నమ్మకం కుదరక జ్యోత్స్నకు ఫోన్ చేసింది.

"మేడం, అన్నిటికీ ఒప్పుకుంటం గని, మా అవ్వ సంతకం మాత్రం ఎన్నడూ అడగద్దు."

"అమ్మ సంతకమా? మేమెందుకు అడుగుతాం అక్కా?" జ్యోత్స్న గొంతులో ఆశ్చర్యం నిజమైనదిలాగే వినిపించింది. ఎంత బాగా నటిస్తున్నదో అనుకుంది శాంత.

సంతకాల రోజు రేకుల షెడ్డులో తల్లులందరూ కూర్చున్నారు. జ్యోత్స్న ఏదీ దాచలేదు. ఒక్కొక్క సంగతీ విప్పి చెప్పింది. చివరికి కాగితాలు పక్కన పెట్టింది.

"ఒక్క విషయంలో మాత్రం నేను పట్టుబడతాను. చాటల సంగతి నాకు తెలుసు. బడి పేరే అది కదా! హాలు తెరిచిన రోజు నుంచి లోపలికి చాట రాకూడదు. పిల్లల చేతిలో పుస్తకం మాత్రమే ఉండాలి. దీనికి మీకు ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెప్పండి. మాట్లాడుకుందాం."

తల్లులు శాంత వైపు చూశారు. శాంత తల్లుల వైపు చూసింది. ముందు వరసలో కూర్చున్న కవిత కొంగు చాటున దగ్గుతూ, నవ్వు ఆపుకుంటూ కన్ను గీటింది. పాత పాటే కదా.

"సరే మేడం" అంది శాంత.

"సరే మేడం" అన్నారు తల్లులందరూ.

హాలు తయారైంది. ఫ్యాన్లు, బెంచీలు, గోడకు పెద్ద తెర. పునాస తరఫున నవ్య అనే అమ్మాయి వచ్చింది. కోరుట్లలోనే గది అద్దెకు తీసుకుంది. మొదటి సాయంత్రం పిల్లలు అలవాటుగా చాటలతో వచ్చారు. నవ్య గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరి తల నిమిరి, "చాట ఇంట్లో పెట్టి రా చెల్లీ" అంది.

"ఇయ్యాల్టికి జర నడువనియ్యిరాదమ్మా" అంది శాంత.

"మీరు సరే అన్నారు కదా మేడం" అంది నవ్య అమాయకంగా.

మరుసటి సాయంత్రం కూడా నవ్య గుమ్మంలోనే ఉంది. ఆ తర్వాత కూడా. వాడకు తెలిసిన పద్ధతి అంతా జీపు పోతుందన్న నమ్మకం మీద నిలబడ్డది. ఈ జీపు పోదు. ఆ సంగతి జ్యోత్స్న మొదటి రోజే చెప్పింది, మీతో పాటే ఉంటామని. శాంత ఆ మాట విన్నది కానీ, అందులో కూడా భూమినే వెతికింది.

కొందరు పిల్లలు చాట ఇంట్లో పెట్టి ఆలస్యంగా వచ్చారు. తర్వాత పూట విడిచి పూట వచ్చారు. తర్వాత రావడం మానేశారు. కవిత కూతురు అఖిల పదో తరగతి. లెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్లు బడిలో లేరు. తంబాకు దుమ్ముకు కవిత ఛాతీ పాడైంది, ఆమె ఒక్కతే బీడీల పని తెమల్చలేదు. అఖిల కొన్నాళ్లు హాలు బయట కిటికీ కింద చాట పెట్టుకుని కూర్చుని పాఠం విన్నది. నవ్య అది ఫోటో తీయలేదు, తిట్టలేదు. బయటికొచ్చి పక్కన కూర్చుని, "ఇక్కడ కూడా వద్దురా, మన ఆవరణే కదా" అని బతిమాలింది. మర్నాటి నుంచి కిటికీ కింద ఎవరూ లేరు.

బెంచీలు మాత్రం ఖాళీగా లేవు. ఫ్యాన్లున్న బడి, తెర మీద పాఠాలు అనగానే కిరాణా కొట్లవాళ్లు పిల్లల్ని పంపారు, మెడికల్ షాపువాళ్లు పంపారు. పరీక్షల్లో మార్కులు పెరిగాయి. హైదరాబాదు నుంచి పెద్దలు వచ్చి చప్పట్లు కొట్టారు. వాళ్ల పక్కన నిలబడి ఫోటో దిగుతుంటే, తను ఎవరి బడిలో నిలబడి ఉందో శాంతకు అర్థం కాలేదు.

ఆ పెద్దలు పోయాక జ్యోత్స్నను పట్టుకుని అడిగేసింది. "నా పిల్లలు ఏరి మేడం? ఈ బడి ఎవల కోసం పెట్టిన్నో గాళ్లే లేరు. చాట లేకుంటె గాళ్లు రారు. తల్లులకు పూట గడువది."

జ్యోత్స్న ముఖం పాలిపోయింది. "ఈ మాట ఆ రోజు ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తె ఇంటరా మీరు?"

"వినడానికే కదా నేను అడిగింది! ముందు తల్లులకు వేరే పని చూపించి, తర్వాత చాటలు తీద్దామని మీరంటే, నేను మా వాళ్లతో కొట్లాడేదాన్ని. ఇప్పుడు తల్లులకు పని చూపించడం రెండో ఏడాదికి పెట్టుకున్నాం. మీరు ఒక్కసారి, ఒక్కసారి కూడా కాదు అనలేదు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరంతా నవ్వుతూ సరే అన్నారు. నేను నమ్మాను."

 ఆ వాడలో పెద్దవాళ్ల ముఖం మీద కాదు అని ఎవరన్నారు గనుక? సరే అనడమే వాళ్లకు కోట గోడ. దాని వెనక చాటలు దాచారు, చేలు దాచారు, కన్నీళ్లు దాచారు. నమ్మినవాళ్లతోనే కొట్లాడతారు. ఈమెను నమ్మలేదు కాబట్టి కొట్లాడలేదు. జ్యోత్స్న అబద్ధమాడి ఉంటే బాగుండేదనిపించింది శాంతకు. కనీసం తిట్టుకోవడానికి ఒకరుండేవారు.

ఇంటికొస్తే మల్లక్క మంచం మీద కూర్చుని ఆకు వక్క నములుతున్నది. "ఇన్నొద్దులాయె. భూమి జోలికి రాలె గద బిడ్డా? నా మాట ఇన్నవు, బతికినం" అంది తృప్తిగా.

"నీ భూమి పాడుగాను!" అని అరిచింది శాంత. జీవితంలో తల్లిని ఆమె అంత మాట అనలేదు. మల్లక్క నములుతున్నదల్లా ఆపేసి బిత్తరపోయి చూసింది. శాంత చెప్పులేసుకుని కవిత ఇంటికి బయలుదేరింది.

పొద్దు గూకుతున్నది. కవిత ఇంటి దగ్గరికొస్తుంటే లోపలినుంచి కత్తెర చప్పుడు, దాని వెంటే అఖిల గొంతు వినిపించాయి. పిల్ల పాఠం తనకు తానే చెప్పుకుంటున్నది. ఆమ్లం, క్షారం, లవణం. శాంతకు ప్రాణం లేచివచ్చింది. పిల్ల చదువు విడవలేదు. గబగబా వెళ్లి తడిక తలుపు తోసింది.

తలుపు కిర్రుమనగానే కత్తెర ఆగిపోయింది. గొంతు ఆగిపోయింది. చాట మంచం కిందికి జరిగిన చప్పుడు శాంతకు స్పష్టంగా వినిపించింది. అఖిల ఒళ్లో పుస్తకం ఉంది, నేల మీద ఆకు ముక్కలు చెదిరి ఉన్నాయి. కవిత లేచి, మూలనున్న ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి ముందుకు జరిపింది. ఎన్నేళ్లుగానో శాంత ఆ ఇంట్లో నేల మీదే కూర్చున్నది.

"కూసోండ్రి మేడం" అంది కవిత.

"మేడమేందే? నేను శాంతక్కను."

కవిత నవ్వింది. ఆ నవ్వు శాంతకు కొత్తది కాదు. జీపు దిగినవాళ్ల ముందు తను కూడా అట్లాగే నవ్వేది.

"పోరిని పంపు కవితా. చాటతోనే పంపు. హాల్ల గాకుంటె మా ఇంట్ల చెప్త, మా వాకిట్ల చెప్త. మొదటి తీర్గనే."

కవిత ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసినట్టు కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. దీనికి ఫోటో దిగడం ఉందా, వెనక ఎవరున్నారు, ఎందుకు వచ్చింది అని వెతుకుతున్న చూపు. "చాటా? చాటెక్కడిది మేడం? మా పిల్ల బీడీలు చేస్తలేదు. మేం సరే అన్నం గద" అంది.

"మంచం కిందున్నది కవితా. నేను ఇన్న. తియ్యి, నేను సుత రెండు చుడ్త." శాంత కుర్చీ పక్కకు నెట్టి నేల మీద కూర్చుంది. చేయి మంచం కిందికి చాచబోయింది.

అఖిల చప్పున కాళ్లు చాపి మంచానికి అడ్డంగా జరిగింది. పిల్ల కళ్లలో భయం కనిపించింది. శాంత చేయి అక్కడే ఆగిపోయింది.

"రేపటిసంది పంపుతావే?" అంది చివరికి. 

"సరే మేడం" అంది కవిత.

శాంత లేచింది. తడిక తనే దగ్గరికి వేసి గల్లీలోకి నడిచింది. ఆమె మలుపు తిరగకముందే కత్తెర కచకచ మొదలైంది. శాంత గోడ పట్టుకుని నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.